మోకాళ్ల గది

సరయేవోలో ట్రాము మలుపు తిరిగే చోట, రెండో అంతస్తులో
ఇరవై ఆరేళ్లుగా నా పని మోకాళ్లు వంచడం.
వంచు. పది లెక్కపెట్టు. చాపు.
ఎవరు ఎవరికి మొక్కుతారో నేనడగను,
చర్మమే చెప్పేస్తుంది.

మాందా మోకాళ్ల మీద రాళ్ల గుర్తులు.
కొడుకు జ్వరానికి మొక్కుకుని
ఏటా కొండదారిని మోకాళ్లతోనే ఎక్కిన గుర్తులు.
స్పాసోయే మోకాళ్లు నున్నగానే ఉంటాయి,
పాదాలే వాచిపోతాయి.
వాళ్ల చర్చిలో మూడు గంటలూ నిలువుకాళ్ల మీదే.
ఆదివారం మోకరించడం తప్పట:
"ఆయన లేచిన రోజున మనం వంగడమేమిటి?"
రిఫ్కా పాదాలు రెండూ జంటగా ఆనించి నిలబడుతుంది,
ముగించేటప్పుడు మూడడుగులు వెనక్కి.
మూడో అడుగు మెట్టు మీద పడి
నా దగ్గరికొచ్చింది.

నెజీర్ సంగతి వేరు.
మోకాలికీ బోడిగుండుకీ ముడి ఏమిటని నవ్వుతారు గానీ
ఆ ముడి ఆయన నుదుటి మీదే ఉంది:
గుండీ అంత నల్లటి కాయ,
అరవై ఏళ్లు నేలకు ఆనించగా కాసింది.
కొత్త మోకాలు పెట్టి తొమ్మిది వారాలు.
కుర్చీలో చదివినా చెల్లుతుందన్నాడు ఇమాము.
"ఆయన లెక్కలో చెల్లుతుంది," అంటాడు నెజీర్,
"నాకే చెల్లడం లేదు."

"మరియమ్మ తల్లికి చెప్పుకో, కొడుకు చెవిన వేస్తుంది," అంది మాందా.
"మధ్యలో ఎవరూ ఉండకూడదమ్మా."
"మునిసిపాలిటీలో కాగితం కదలాలన్నా తెలిసినవాళ్లుండాలి!"
"అందుకే, అక్కడైనా అక్కర్లేదని నా ఆశ."
స్పాసోయే పర్సులోంచి పటం తీసి ముద్దుపెట్టుకుంటే
నెజీర్ చూపు తిప్పుకుంటాడు,
ఎదుటివాళ్ల కంచంలోకి చూడకూడదని పెంచిన పిల్లాడిలా.

ఆ గురువారం వాన. కరెంటు పోయి ట్రాములు ఆగాయి.
నలుగురూ నా గదిలోనే చిక్కుకున్నారు.
వాన సందులోంచి అజాన్ సన్నగా వచ్చింది.
నెజీర్ నా వ్యాయామం చాప పరిచి అడిగాడు:
"ఆగ్నేయం ఎటు?"
ఇరవై ఆరేళ్లలో నా గదికి దిక్కులున్నాయని నాకు తెలియదు.
"అటు," అంది రిఫ్కా, "మాదీ అటే."
"మాది తూర్పు," అన్నాడు స్పాసోయే.
మాందా భుజాలెగరేసింది.
ఆగ్నేయం గోడ మీద మోకాలి కీలు బొమ్మ.
రిఫ్కా లేచి దాన్ని వెనక్కి తిప్పి తగిలించింది.

రకాతులన్నీ కుర్చీలోనే.
ఆఖరి సజ్దాకి మాత్రం ఒక్కో వేలూ చాపకి ఆనించి
నేలకు దిగాడు.
నుదురు తగిలింది.
లేవడం లేదు.

ముట్టుకుంటే నమాజు చెడుతుందా?
మాకెవరికీ తెలియదు.
స్పాసోయే చేతులు సగం చాచి ఆగిపోయాయి.
మాందా వేళ్ల మధ్య పూస కదలడం లేదు.
రిఫ్కా నన్నే చూస్తోంది, ఇది నా చాప కదా.
మా నాన్న పార్టీ మనిషి;
మా ఇంట్లో దేవుడి పేరు తిట్లలో మాత్రమే వినబడేది.
అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. పది దాటింది. ఇరవై.
ముప్పై నాలుగు దగ్గర లెక్క జారిపోయింది.
ఆ తర్వాతి సేపుని ఏమనాలో
ఇప్పటికీ నా దగ్గర మాట లేదు.

అరచేయి బిగిసింది. మోచేయి వణికింది.
లేచాడు, ఎవరి చేయీ లేకుండా.
కూర్చుని, కుడివైపు తల తిప్పి సలాము చెప్పాడు.
అది నమాజులో భాగమని తెలియక
"నీకూనయ్యా," అంది మాందా.
ఎడమవైపు తిప్పితే
స్పాసోయే టోపీ తీశాడు.

"అది దేవదూతలకు," అన్నాడు నెజీర్ తర్వాత, చెమట తుడుచుకుంటూ.
"మాకు కాదా?"
ఆయన జవాబు చెప్పలేదు.
"మా చర్చిలో బెంచీలుంటాయి, ఇందుకే," అని సణిగింది మాందా.

ట్రాము గంట మోగింది.
నేను బొమ్మను మళ్లీ ఇటు తిప్పి
నెజీర్ కార్డు మీద రాశాను:
కుడి మోకాలు. వంపు, నూట పద్దెనిమిది డిగ్రీలు.